తెలుగు ఎక్కడ నిలిచింది, ఎక్కడ జారిపోయింది? వలసలూ భాషల మీద విద్యార్థుల ప్రశ్నలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలు దాదాపు అన్నీ విద్యార్థులవే. ఎక్కువమంది ప్రాజెక్టు పని మీద ఉన్నారు. పొడవైన ఉత్తరాలను కుదించాం. ప్రశ్నలు మాత్రం వారి మాటల్లోనే ఇస్తున్నాం.

ప్రశ్న: ఉత్తరాంధ్ర నుంచి మారిషస్ వెళ్లిన కూలీల మీద ప్రాజెక్టు చేస్తున్నాను. అక్కడి తెలుగువాళ్లు ఇళ్లలో క్రెయోల్ మాట్లాడతారని, ఉగాదిని మాత్రం మనకన్నా శ్రద్ధగా చేసుకుంటారని చదివాను. బర్మా వెళ్లినవాళ్లు మాత్రం తెలుగు మరిచిపోలేదు. భాష మీద అభిమానంలో తేడా వల్లనే ఇలా జరిగిందా? భాష పోయాక సంస్కృతి మిగిలిందని అనవచ్చా?
(బి.ఏ. మూడో సంవత్సరం విద్యార్థిని, శ్రీకాకుళం)

జవాబు: అభిమానానికి ఇందులో ఉన్న పాత్ర చాలా తక్కువ. వలస వెళ్లిన చోట భాష నిలుస్తుందా లేదా అన్నది ముఖ్యంగా మూడు సంగతులు తేలుస్తాయి. సొంతూరితో రాకపోకలు ఉన్నాయా? పెళ్లిళ్లు ఆ భాషవాళ్ల మధ్యే జరుగుతున్నాయా? పని దగ్గర ఆ భాషతో గడుస్తుందా? ఈ మూడింటిలో ఒక్కటి గట్టిగా ఉన్నా భాష చాలాకాలం బతుకుతుంది. మూడూ సన్నగిల్లితే రెండు మూడు తరాల్లో ఇంట్లోంచి వెళ్లిపోతుంది. మీరు చెప్పిన రెండు దేశాలనూ ఈ మూడు ప్రశ్నలతో చూడండి.

మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. ఆ రద్దు ఖాయమయ్యేసరికే చెరకు తోటలకు మనుషులు కావలసి వచ్చి ఒప్పంద కూలీలను మన దేశం నుంచి తీసుకెళ్లారు. 1834 నుంచి 20వ శతాబ్దం తొలి ఏళ్ల దాకా సుమారు నాలుగున్నర లక్షల మంది పోర్ట్ లూయీ రేవులో దిగారు. వాళ్లు దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దిగినవాళ్లలో అత్యధికులు కలకత్తాలో ఓడ ఎక్కిన భోజ్‌పురి ప్రాంతాలవాళ్లు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు వాళ్లతో పోలిస్తే కొద్దిమంది. ఆ కొద్దిమంది కూడా తోటకు కొందరు చొప్పున చెదిరిపోయారు. తోట పనికీ దుకాణానికీ ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి వాడుక భాష క్రెయోల్ కావాలి, పక్కింటివాళ్లది భోజ్‌పురి. ఆడవాళ్లు తక్కువ కావడంతో పెళ్లి సంబంధాలు భాషను చూసుకుని కుదిరేవి కావు. తిరుగు ఓడకు డబ్బు చేరక చాలామంది అక్కడే ఉండిపోయారు. మూడు దారులూ మూసుకుపోయాయి.

బర్మాది వేరే లెక్క. కాకినాడలోనో, విశాఖలోనో, కళింగపట్నంలోనో స్టీమరు ఎక్కితే కొద్ది రోజుల్లో రంగూన్. ఉత్తరాంధ్ర పల్లెల్లో దాన్ని ‘రంగం’ అనే పిలిచేవారు. రేవులో, బియ్యం మిల్లుల్లో మేస్త్రీ కింద ఒకే ప్రాంతంవాళ్లు జట్టుగా పనిచేసేవారు కాబట్టి పనిలోనూ తెలుగే. పెళ్లికీ, పండక్కీ, పొలం పనికీ ఊరికి వచ్చిపోయేవారు. 1931 జనగణన నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. అంత పెద్ద గుంపులో ఉన్నవాడికి బర్మీస్ రాకపోయినా రోజు గడిచేది. 1942లో జపాన్ దండయాత్రతో లక్షల మంది కాలినడకన దేశం దాటారు. 1962 తర్వాత దుకాణాలూ మిల్లులూ జాతీయం కావడంతో ఇంకొందరు తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు పేరు అలా వచ్చిందే. ఇన్నేళ్ల తర్వాత వచ్చినా తెలుగుతోనే వచ్చారు.

ఇక రెండో ప్రశ్న. మారిషస్‌లో ఉగాది సెలవు రోజు. సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజన ఇప్పటికీ ఉన్నాయి. ఇవి సామాన్యమైన సంగతులు కావు. తోట జీవితంలో చదువుకోని మనుషులు కంఠస్థంగా దాటించిన ఆస్తి ఇది. అయితే నిలిచినవి ఎలాంటివో గమనించండి: పాట, మంత్రం, దేవుడి పేరు, నైవేద్యం. అర్థం తెలియకపోయినా మళ్లీ మళ్లీ చేయగలిగేవన్నమాట. అప్పటికప్పుడు అల్లుకోవలసినవి మాత్రం భాషతో పాటే పోతాయి. సామెత, తిట్టు, పొడుపుకథ, చిన్నపిల్లలతో ఆడే మాటలు, వదినా మరదళ్ల మేలమాడటం అన్నీ అలాంటివే. అందుకే ‘సంస్కృతి మిగిలింది’ అని ఒక్క ముక్కలో తేల్చకండి. ఏది మిగిలింది, ఏది పోయింది అని రెండు వరుసలు గీసి రాయండి. మీ ప్రాజెక్టుకు బలం అక్కడే వస్తుంది.

అంకెలు కావాలంటే మారిషస్ జనగణన చూడండి. పూర్వీకుల భాష ఏది, ఇంట్లో మాట్లాడేది ఏది అని అక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతారు. రెండు వరుసల్లోనూ తెలుగుకు ఎదురుగా ఉన్న అంకెలను పక్కపక్కన పెడితే జరిగింది తెలుస్తుంది. మొదటి అంకెను మాత్రమే తీసుకుని ‘మారిషస్‌లో ఇంతమంది తెలుగు మాట్లాడతారు’ అని రాసే వ్యాసాలు చాలా ఉన్నాయి. అది తప్పు.

ఇంకో జాగ్రత్త. క్రెయోల్‌లో మునగాకును ‘బ్రెద్ మురుం’, కరివేపాకును ‘కరీపులే’, కొత్తిమీరను ‘కొత్తోమిలి’ అంటారు. ఇవి మన మాటలేనని సంబరపడకండి. మురుంగై, కరివేప్పిలై, కొత్తమల్లి అన్న తమిళ రూపాలవి. ఫ్రెంచి పాలన రోజుల్లోనే, అంటే ఒప్పంద కూలీలకు నూరేళ్ల ముందే, పుదుచ్చేరి వైపు నుంచి తమిళ పనివాళ్లు అక్కడికి వెళ్లారు. మనవాళ్లు వెళ్లేసరికి కూరల సంతలో పేర్లు స్థిరపడిపోయి ఉన్నాయి.

ప్రశ్న: మా ముత్తాతగారి తమ్ముడు ఓడెక్కి వెళ్లిపోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఏ దేశమో, ఏ సంవత్సరమో తెలియదు. వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?
(పీజీ విద్యార్థి, అనకాపల్లి)

జవాబు: ముందు ఇంట్లో మొదలుపెట్టండి. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, కులం, అప్పటి ఊరు, వెళ్లేనాటికి సుమారు వయసు, ఒంటరిగా వెళ్లాడా జంటగా వెళ్లాడా అన్నవి రాసుకోండి. ఇంటిపేరు మీద ఆశ పెట్టుకోవద్దు. రేవులో గుమస్తాలు సాధారణంగా ఒక్క పేరు, దానికి పక్కన తండ్రి పేరు రాసుకునేవారు. అక్కడ పుట్టిన పిల్లలకు ఆ తండ్రి పేరే ఇంటిపేరయింది. మారిషస్‌లో అప్పాడూ, సునాసీ, అప్పల్సామీ అన్న ఇంటిపేర్ల వెనక మన అప్పడు, సన్యాసి, అప్పలస్వామి ఉన్నారు.

తర్వాత కాలాన్ని బట్టి దేశాన్ని అంచనా వేయండి. మారిషస్‌కు వలస 1840ల నుంచి 1860ల దాకా చాలా ఉధృతం. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ 342 మందితో చేరింది. 1911 దాకా మొత్తం 1,52,184 మంది వెళ్లారు. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలై 1916లో ఆగాయి. మీ ముత్తాతగారి తరం ఏ దశాబ్దంలో పడుతుందో చూసుకోండి. 1880 తర్వాత అయితే మారిషస్ కన్నా నటాల్, ఫిజీ, బర్మాలకే అవకాశం ఎక్కువ. ఇంట్లో ‘రంగం పోయాడు’ అన్న మాట వినబడితే ఆ వెతుకులాటను అక్కడితో ఆపేయండి. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి ఒప్పంద కూలీల రిజిస్టర్లలాంటివి దానికి లేవు.

మారిషస్ రిజిస్టర్లు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. 1860ల నుంచి కొందరి ఫొటోలు కూడా దొరుకుతాయి. నటాల్ ఓడల జాబితాల్లో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు వరుసగా ఉంటాయి.

చాలామంది తడబడేది ఊళ్ల దగ్గర. శ్రీకాకుళం ‘చికాకోల్’, విశాఖ ‘వైజాగపటం’, భీమిలి ‘బిమ్లిపటం’, కాకినాడ ‘కోకనాడ’, మచిలీపట్నం ‘మసూలిపటం’, ఏలూరు ‘ఎల్లోర్’. జిల్లాలు కూడా ఇప్పటివి కావు. 1936కు ముందు శ్రీకాకుళం, టెక్కలి గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. చిత్తూరు జిల్లా 1911లో వచ్చింది, అంతకుముందు ఆ తాలూకాలలో చాలా భాగం ఉత్తర ఆర్కాటులో ఉండేది. కాబట్టి ‘ఉత్తర ఆర్కాటు’ అని కనబడగానే తమిళుడని తీసి పక్కన పెట్టకండి. కులం, జాతి రాసేచోట ‘జెంటూ’ అని ఉంటే అది తెలుగే. అప్పటి ఇంగ్లీషువాళ్లు తెలుగును అలా పిలిచేవారు.

చిన్న ఊరి పేరు అర్థం కాకపోతే రాసిన అక్షరాలను కళ్లతో కాకుండా నోటితో చదవండి. గుమస్తా విన్నది రాశాడు. మీరు పైకి అంటే ఊరు బయటపడుతుంది. వయసుకు అటూ ఇటూ ఐదేళ్లు వదలండి. ఇరవై, ఇరవై ఐదు, ముప్పై అని గుండ్రంగా రాయడం మామూలు.

పేరు ఒక్కటే కలిసిందని ఎన్నడూ నిర్ధారణకు రావద్దు. అప్పన్నలూ సన్యాసులూ ఆ జాబితాల్లో కొల్లలు. పేరు, తండ్రి పేరు, ఊరు, కాలం ఈ నాలుగూ కుదరాలి. మూడే కుదిరితే ‘అయి ఉండవచ్చు’ అని రాసి ఆపండి.

ప్రశ్న: రాతలో చరిత్ర లేని జనం ఏ దారిన వచ్చారో వాళ్ల భాషను చూసి చెప్పవచ్చంటారు. అదెలా సాధ్యం?
(బి.ఎస్సీ. విద్యార్థి, వరంగల్)

జవాబు: పదాలను పొరలుగా విడదీయడం వల్ల. మనిషికి పుట్టుకతో అవసరమయ్యే మాటలు, అంటే శరీర భాగాలు, దగ్గరి చుట్టరికాలు, నీళ్లు, ఉప్పు, తినడం, రావడం లాంటివి, తొందరగా మారవు. అవి బయలుదేరిన చోటును చూపిస్తాయి. కొత్తగా ఎదురైన వస్తువులకూ వ్యవహారాలకూ పెట్టుకున్న మాటలు దారిలో ఎవరి మధ్య బతికారో చూపిస్తాయి.

దీనికి అందరికన్నా మంచి ఉదాహరణ ఐరోపాలోని రోమా జనం. వాళ్ల భాష రోమానీ భారతదేశానిదని 1782లోనే జర్మన్ పండితుడు రూడిగర్ నిరూపించాడు. అందులో నీళ్లు ‘పానీ’, ముక్కు ‘నఖ్’, చెవి ‘కన్’, పన్ను ‘దంద్’, ఉప్పు ‘లోన్’, మనిషి ‘మనుష్’. అంకెలు చూడండి: యెఖ్, దుయ్, త్రిన్, ష్తార్, పంజ్, షోవ్. ఆరు దాకా మనవి. తర్వాత ఎఫ్త, ఓఖ్తో, ఎన్య. ఏడు, ఎనిమిది, తొమ్మిది గ్రీకువి! పదికి మళ్లీ ‘దెష్’. దారికి ‘ద్రోమ్’, పట్నానికి ‘ఫోరోస్’ కూడా గ్రీకు నుంచే. బండికి ‘వొర్దోన్’ ఇరాన్ వైపు భాషలది. ఆర్మేనియన్ మాటలూ ఉన్నాయి, అరబ్బీ నుంచి నేరుగా వచ్చినవి మాత్రం చాలా తక్కువ. దీన్నిబట్టి ఇరాన్, ఆర్మేనియా, గ్రీకు మాట్లాడే బైజాంటియన్ రాజ్యం మీదుగా వెళ్లారనీ, అరబ్బు దేశాల్లో ఎక్కువకాలం ఆగలేదనీ తెలుస్తుంది. అంకెలు కూడా అరువు తెచ్చుకున్నారంటే గ్రీకువాళ్ల మధ్య సంతలోంచి నడిచి వెళ్లిపోలేదు, తరాల తరబడి ఉన్నారు.

ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ‘పానీ’ చూసి రోమానీ హిందీ నుంచి పుట్టిందని రాస్తారు. హిందీ ఈ రూపానికి రాకముందే వాళ్లు బయలుదేరారు. రెండూ పాత ఇండో-ఆర్యన్ భాషల నుంచి వేరువేరుగా దిగినవి.

లేని మాటలు కూడా సాక్ష్యమే. పాకిస్తాన్‌లో బలూచిస్తాన్‌లోని బ్రాహుయీ మన ద్రావిడ కుటుంబంలోది. కన్ను ‘ఖన్’, రాయి ‘ఖల్’, నీరు ‘దీర్’. ఒకటి, రెండు, మూడు ‘అసిట్, ఇరట్, ముసిట్’. నాలుగు నుంచి మాత్రం చుట్టూ ఉన్న ఇరానీ భాషల అంకెలే. ద్రావిడులు ఒకప్పుడు అంతటా ఉండి, తక్కినవాళ్లు పోగా బ్రాహుయీలు మిగిలారని ఒక వాదం. కాదు, వీళ్లు తర్వాతి కాలంలో మధ్య భారతం వైపు నుంచి అక్కడికి వెళ్లారని ఇంకో వాదం. రెండో వాదానికి ఆధారం ఇదీ: వేల ఏళ్లుగా అక్కడే ఉంటే ప్రాచీన ఇరానీ భాషల మాటలు లోపల ఉండాలి. ఉన్నవేమో ఎక్కువగా బలూచీ నుంచి వచ్చినవి. బలూచీ ఆ ప్రాంతానికి వచ్చి సుమారు వెయ్యేళ్లే. ఈ తర్కం గట్టిదని మా అభిప్రాయం. అయినా పరీక్షలో రాసేటప్పుడు రెండు వాదాలూ రాయండి.

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. మా నానమ్మవాళ్లు మాట్లాడే లంబాడీ మాటలను పదాల పట్టికగా సేకరించాలనుకుంటున్నాను. ఎన్ని మాటలు, ఎలా?
(డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థి)

జవాబు: చాలా అవసరమైన పని, ఇప్పుడే చేయవలసిన పని. మీ భాష రాజస్థానీ భాషలకు దగ్గరి బంధువు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన వ్యాపారులు మీ పూర్వీకులు. దక్కనుకు వచ్చిన మొగలు సైన్యాలకు ధాన్యం అందించిందీ వాళ్లే. రోడ్లూ రైళ్లూ వచ్చి ఎద్దుల రవాణా దెబ్బతిన్నాక తండాల్లో స్థిరపడ్డారు. చుట్టూ తెలుగు ఉన్నా ఇన్ని తరాలు భాష నిలిచిందంటే తండా ఊరికి వేరుగా ఉండటం, పెళ్లిళ్లు లోపలే జరగడం కారణాలు. చదువుకూ ఉద్యోగానికీ తండా దాటుతున్న ఈ తరంలో మొదటిది సడలుతోంది.

మొదట వంద మాటలు చాలు. భాషాశాస్త్రంలో మౌలిక పదాలకు వాడే స్వదేశ్ పట్టికల్లో వంద మాటలది ఒకటి ఉంది. మోరిస్ స్వదేశ్ అనే ఆయన తయారుచేసింది. దానికి చుట్టరికాలు, ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు, గొడ్డూ గోదా, ఎద్దుల సరంజామా, నగలు, వంట కలపండి. రెండు వందల యాభైకి చేరుతుంది. అంతకుమించి మొదటిసారే పెట్టుకుంటే పని మధ్యలో ఆగిపోతుంది.

ముగ్గురిని కాదు, మూడు తరాలను అడగండి. అరవై దాటినవాళ్లు ఇద్దరు, నలభై దగ్గరివాళ్లు ఇద్దరు, పదిహేను ఇరవై మధ్యవాళ్లు ఇద్దరు. ఒకరు చెబుతుంటే ఇంకొకరు పక్కన ఉండకూడదు. ఉంటే పెద్దవాళ్ల మాటకు చిన్నవాళ్లు తలూపుతారు, మీకు కావలసిన తేడా దొరకదు.

రికార్డు ఫోన్‌లోనే చేయవచ్చు. అయితే ఎంపీ3 కాకుండా వేవ్ ఫార్మాట్ ఎంచుకోండి, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్. ఫోన్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ‘ప’, ‘ఫ’ పలికినప్పుడు ఊపిరి తగిలి శబ్దం చెడుతుంది. ఫ్యాను ఆపండి. ఇల్లు ప్రతిధ్వనిస్తే దుప్పట్లు ఉన్న గదిలో కూర్చోండి. ప్రతి మాటా మూడుసార్లు చెప్పించండి. మొదటిసారి గట్టిగా, పాఠం అప్పజెప్పినట్లు వస్తుంది, రెండోదే సహజంగా ఉంటుంది. ఆ తర్వాత అదే మాటతో ఒక వాక్యం. ఎందుకు అడుగుతున్నారో, ఎక్కడ ఉంచుతారో ముందే చెప్పి, వాళ్ల ఒప్పుకోలును కూడా రికార్డు చేయండి.

పని చెడేది ఎక్కువగా చుట్టరికాల దగ్గర. తెలుగులో ‘మామ’ అంటే మేనమామ, భార్య తండ్రి, భర్త తండ్రి ముగ్గురూ. ‘మామను ఏమంటారు’ అని అడిగితే ముగ్గురిలో ఎవరి మాట చెప్పారో మీకు తెలియదు. పైగా తెలుగు మాట విన్నవాళ్లు తెలుగు మాటే తిరిగి చెప్పే ప్రమాదం ఉంది. వంశవృక్షం గీసి, ‘మీ యాడి (అమ్మ) తమ్ముడిని ఏమని పిలుస్తారు’ అని మీ భాషలోనే ఒక్కొక్కరిని చూపిస్తూ అడగండి. ‘చెయ్యి’ కూడా అంతే. మణికట్టు కింద భాగమా, భుజం దాకానా? ముట్టుకుని చూపించి అడగాలి.

రాయడానికి తెలుగు లిపి పనికొస్తుంది. ణ, న తేడాను, ళ, ల తేడాను వదిలేయకండి. రాజస్థానీ భాషలతో పోల్చేటప్పుడు పండితులు మొదట చూసేది వాటినే. పక్కన ఇంకో గడి పెట్టి, అది తెలుగు నుంచి వచ్చిన మాటా కాదా అని రాయండి. ఏ తరం దగ్గర తెలుగు మాటలు పెరిగాయో, ఏ రంగంలో పెరిగాయో పట్టిక పూర్తయ్యేసరికి మీకే కనబడుతుంది.

ప్రశ్న: ఒకే భాష మాట్లాడేవాళ్లు ఒకే జాతివాళ్లనుకోవచ్చా?
(ఇంటర్ విద్యార్థిని, కర్నూలు)

జవాబు: అనుకోకూడదు. మడగాస్కర్ ఆఫ్రికా పక్కనున్న ద్వీపం. అక్కడి మలగాసీ భాషకు అందరికన్నా దగ్గరి బంధువు వేల కిలోమీటర్ల అవతల బోర్నియోలోని మాన్యాన్ అని 1951లో నార్వే పండితుడు డాల్ చూపించాడు. ఐదుకు మలగాసీలో ‘దిమి’, మలయ్‌లో ‘లిమ’, న్యూజిలాండ్ మావోరీలో ‘రిమ’. కాని జన్యు పరీక్షల్లో ఆ ద్వీపవాసుల పూర్వీకుల్లో దాదాపు సగం ఆఫ్రికన్లు, సగం ఆసియావాళ్లు అని తేలింది. పశువుకు వాళ్లు వాడే ‘ఊంబి’ కూడా ఆఫ్రికా బంటూ భాషలదే. అంటే ఓడల్లో వచ్చినవాళ్ల భాష నిలిచింది, ఆవులను మేపే విద్య ఆఫ్రికా నుంచి వచ్చింది, మనుషులు కలిసిపోయారు. భాష మారడానికి మనిషి కదలనక్కర్లేదు, మనిషి కదిలినంత మాత్రాన భాష నిలవనూ నిలవదు. రెండింటికీ వేర్వేరు ఆధారాలు చూడాలి.

ప్రశ్న: తమిళనాడులో తెలుగువాళ్లు ఎంతమంది? ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు. ఏది నమ్మాలి?
(పీజీ విద్యార్థి, తిరుపతి)

జవాబు: ‘తెలుగువాళ్లు’ అన్న మాటను ఎవరు ఏ అర్థంలో వాడుతున్నారో చూస్తే అంకెల తేడా అర్థమవుతుంది. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. సీ-16 అనే పట్టికలో జిల్లాల వారీగా కూడా ఉంటుంది. అది జనగణన సిబ్బంది వచ్చి అడిగితే ఇంటివాళ్లు చెప్పిన సమాధానం, పరీక్షించి తేల్చింది కాదు. తాతల నాడు తెలుగు మాట్లాడి, ఇప్పుడు తమిళమే మాట్లాడే కుటుంబాలు తమిళమని రాయిస్తాయి. సంఘాలు వాళ్లందరినీ కలిపి లెక్క చెబుతాయి. మీరు మూలం తెలుగైనవాళ్ల గురించి రాస్తున్నారా, ఇప్పుడు ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ల గురించా అన్నది మొదటి పేరాలోనే తేల్చండి. రెండింటినీ కలిపితే ఏ అంకె పెట్టినా తప్పే.

వీళ్లలో చాలామంది విజయనగర కాలంలోనూ, 1529 నుంచి 1736 దాకా మదురైను ఏలిన నాయకరాజుల కాలంలోనూ వెళ్లినవాళ్ల సంతతి. కోవిల్‌పట్టి, సాత్తూరు వైపు నల్లరేగడిలో వ్యవసాయానికి దిగారు. ఆంధ్రతో రాకపోకలు దాదాపు లేవు, బడిలో తమిళమే. అయినా ఇన్ని వందల ఏళ్లు ఇంటి తెలుగు నిలిచింది. ఊరికి ఊరుగా ఉండటం, లోపలే పెళ్లిళ్లు చేసుకోవడం దానికి ఆసరా. వాళ్ల తెలుగులో పత్రికల మాటలు ఉండవు. కోర్టుకూ, సర్కారుకూ, చదువుకూ తమిళ మాటలే వాడతారు. దాన్ని ‘చెడిపోయిన తెలుగు’ అనడం అన్యాయం. లిపి రాకుండా, బడి లేకుండా ఇంతకాలం నిలబెట్టుకున్న మాట అది. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేశాక తెలుగు మీడియం బడుల్లోనూ పరిస్థితి మారింది. మీ అధ్యయనంలో ఆ సంవత్సరానికి ముందు చదువుకున్నవాళ్లనూ తర్వాత చదువుకున్నవాళ్లనూ విడిగా చూడండి.

ప్రశ్న: మా కాలేజీ ఎన్ఎస్ఎస్ తరఫున ఇటుక బట్టీల్లో ఒడిశా పిల్లలకు పాఠాలు చెబుతున్నాం. తెలుగు నేర్పాలా, ఒడియాలోనే చెప్పాలా అని మాలో మాకే వాదన.
(బి.ఎడ్. విద్యార్థిని, సంగారెడ్డి)

జవాబు: చదవడం, రాయడం ఒడియాలో చెప్పండి. తెలుగు మాట్లాడటం వాళ్లకు ఆటల్లోనే వచ్చేస్తుంది. కారణం ఆ పిల్లల సంవత్సరంలోనే ఉంది. బలంగీర్, నువాపడా వైపు నువాఖాయ్ పండుగ సమయంలో కుటుంబాలు అడ్వాన్సు తీసుకుంటాయి. వానలు వెళ్లాక వచ్చి, మళ్లీ వానలకు ముందు తిరిగి వెళ్తాయి. పిల్లవాడు జూన్‌లో కూర్చునేది ఒడియా బడిలో. మీరు ఆరు నెలలు తెలుగు అక్షరాలు దిద్దిస్తే అక్కడికి వెళ్లేసరికి ఒక తరగతి వెనకబడతాడు, తెలుగు అక్షరాలు వచ్చే సీజను దాకా గుర్తుండవు. రెండు వైపులా నష్టమే. రంగారెడ్డి జిల్లాలో పని ప్రదేశాల దగ్గరే ఒడియా పాఠ్యపుస్తకాలతో బడులు నడిపిన అనుభవం ఉంది.

ఇంకో సంగతి మరవద్దు. ఇంట్లో వాళ్లు మాట్లాడేది సంబల్‌పురి. పుస్తకంలోని ఒడియా చిన్నపిల్లలకు కొంత కొత్తగానే ఉంటుంది. అందుకే మొదటి రెండు వారాలు పుస్తకం తెరవకండి. బొమ్మలు చూపించి వాళ్ల మాటల్లో పేర్లు చెప్పించండి, కథ చెప్పించండి. లెక్కలకు బట్టీ కన్నా మంచి పుస్తకం లేదు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని ఇస్తారు కాబట్టి వందలూ వేలూ వాళ్లకు ముందే తెలుసు. వరుసకు ఎన్ని, ఎన్ని వరుసలకు వెయ్యి అని అడిగితే గుణకారం వచ్చేస్తుంది. ఒడియా వచ్చిన టీచరు దొరకకపోతే బట్టీలోనే ఏడెనిమిది తరగతులు చదివిన ఆడపిల్లల్లో ఒకరిని సాయం అడగండి. చిన్నవాళ్లకు ఆమే మేలైన గురువు.

వచ్చినప్పుడే ప్రతి పిల్లవాడి ఊరు, బడి, తరగతి రాసుకుని, వెళ్లేటప్పుడు ఇక్కడ చదివిన పాఠాల కాగితం చేతికివ్వండి. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, బదిలీ పత్రం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ సంగతి తల్లిదండ్రులకు తెలియదు. బయలుదేరేముందు కూర్చోబెట్టి చెప్పండి. పెద్ద పిల్లలు ఎవరైనా ఊళ్లోనే ఉండి చదువుకోగలిగితే ఒడిశా ప్రభుత్వం నడిపే సీజనల్ హాస్టళ్ల గురించి కూడా చెప్పండి. వాటిలో చేరాలంటే అడ్వాన్సు తీసుకునే నాటికే మాట్లాడుకోవాలి, బట్టీకి వచ్చాక కుదరదు.